ఈల్ చేపల కేసు నుంచి క్లియర్‌వాటర్ దాకా

ఆదివాసుల అభివృద్ధి అనగానే సంక్షేమ పథకాల గురించే మాట్లాడేవాళ్లు కెనడాలోని మిక్మాక్ ప్రజల కథ ఒకసారి చూడాలి. 1993లో నోవా స్కోషియాలో డొనాల్డ్ మార్షల్ జూనియర్ అనే మిక్మాక్ వ్యక్తి 463 పౌండ్ల ఈల్ చేపలు పట్టి, 787 డాలర్ల 10 సెంట్లకు అమ్మారు. అంతే, లైసెన్స్ లేదు, సీజన్ కాదు అంటూ కేసు పెట్టేశారు! ఆరేళ్లు నడిచింది. చివరికి 1999లో సుప్రీంకోర్టు 1760-61లో మిక్మాక్‌లు బ్రిటిష్ వాళ్లతో చేసుకున్న ఒప్పందాలను చూసి, చేపలు పట్టి అమ్ముకుని ఓ మోస్తరుగా బతికే హక్కు వాళ్లకు ఉందని తీర్పిచ్చింది.

ఆయన సొంత ఊరు మెంబర్టూ. 2021 జనవరిలో ఆ మెంబర్టూ, మరో మిక్మాక్ సముదాయం మియాపుకెక్ ముందుండి నడిపిన ఏడు మిక్మాక్ సముదాయాల కూటమి, ప్రీమియం బ్రాండ్స్ అనే ఆహార కంపెనీతో చెరిసగం వాటాగా, క్లియర్‌వాటర్ సీఫుడ్స్ అనే పెద్ద చేపల కంపెనీని సుమారు 100 కోట్ల కెనడా డాలర్ల డీల్‌లో కొనేసింది. వాళ్లకు అప్పిచ్చింది కూడా ఆదివాసులే నడుపుకునే ఫస్ట్ నేషన్స్ ఫైనాన్స్ అథారిటీ, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

అయితే పెద్ద కంపెనీలో వాటా వేరు, చిన్న పడవేసుకుని వెళ్లే మనిషి హక్కు వేరు. 2020లో సిపెక్నెకాటిక్ అనే మిక్మాక్ సముదాయం వాళ్లు సొంతంగా లాబ్‌స్టర్ (పెద్ద సముద్రపు రొయ్యలాంటిది) వేట మొదలుపెడితే దాడులు జరిగాయి, వాళ్ల సరుకున్న గోదాము తగలబడిపోయింది. కంపెనీ వచ్చిందిగా, ఇంకేం కావాలి అని ప్రభుత్వం ఆ హక్కును పక్కన పెట్టేస్తే మాత్రం అన్యాయమే.