మూడింటిలోగా రామగిరి ఖిల్లా

కాళేశ్వరంలో తెల్లవారుజామునే స్నానాలు, దర్శనాలు అయిపోయాయి. ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలకు మొక్కుకుని, గోదావరిలో ప్రాణహిత కలిసే చోట కాసేపు పడవలో తిరిగి, మా హనుమకొండ బ్యాచ్ అంతా మళ్లీ బస్సెక్కింది. మంథని దాటాక బేగంపేట దగ్గర వంటలకు ఆగుతామని, మధ్యాహ్నం మూడింటికి బస్సు కదులుతుందని టూర్ పెట్టినాయన ముందే చెప్పాడు. మిగతావాళ్లకు అది భోజనాల హాల్ట్. నేను ఈ టూర్‌కు పేరిచ్చిందే ఆ హాల్ట్ కోసం. కొండ మీది పాత కోట, రామగిరి ఖిల్లా అక్కడే ఉంది.

బస్సు ఆగేసరికి పదకొండు దాటింది. పొయ్యి రాళ్లు పేరుస్తుండగానే నలుగురం బయల్దేరాం: నేను, మా బావ, డిగ్రీ చదివే మా మేనకోడలు, వెనక సీట్లో పరిచయమైన రిటైర్డ్ బాటనీ సారు. ఊరి చివర మేకలు కాస్తున్న పెద్దాయన మమ్మల్ని ఆపి, "తాగే నీళ్లు పట్టుకపోండ్రి బిడ్డా, పైన ఏం దొరకయి. బండలు పాకురు పట్టినయి, చూసి అడుగెయ్యుండ్రి" అన్నాడు. శ్రావణమాసం, రాత్రంతా ముసురు. ఆయన మాట విని ఇంకో రెండు బాటిళ్లు తెచ్చుకున్నాం.

మొదట్లో దారి నెమ్మదిగానే ఎక్కుతుంది. చెట్లు దగ్గరపడ్డాక ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. మెట్లున్న చోట అవి విరిగి, పక్కకు ఒరిగి ఉన్నాయి. లేని చోట బండల మధ్య కాలు పట్టేంత సందు చూసుకుని, చేతులతో చెట్ల మొదళ్లు పట్టుకుని ఎక్కాలి. పిక్కలు లాగుతున్నాయి, చెమటకు, చినుకులకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. బావకు టైమ్ టెన్షన్. ఫోన్‌లో అలారం పెట్టి, "ఒంటిగంటన్నరకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కే" అని తేల్చేశాడు.

సారుకు మాత్రం ఏ తొందరా లేదు. నల్లేరు, తిప్పతీగ, ఉత్తరేణి కనిపించిన చోటల్లా ఆగుతాడు. ఆకు తిప్పి మా మేనకోడలికి చూపిస్తాడు, ఈనెలు ఎలా ఉన్నాయో చెప్పిస్తాడు. రామగిరికి మూలికల గుట్ట అని పేరు. ఆయుర్వేదం చదివే పిల్లలు కూడా ఇక్కడికి వస్తుంటారు. ఒక చోట సుగంధిపాల తీగ పక్కన ఎవరో తాజాగా తవ్విన గుంట కనబడింది. సారు ముఖం మాడిపోయింది. "ఆకు తెంపితే మళ్లీ వస్తది. వేరునే తీసుకపోతే తీగే పోతది కదమ్మా!" అంటూ కూర్చుని, బయటపడ్డ వేరు ముక్క మీద మట్టి కప్పాడు. నాకూ కడుపు మండింది. సంచులు పట్టుకొచ్చి వేళ్లతో సహా పెకిలించుకుపోతే ఈ గుట్టకు ఆ పేరు ఎన్నాళ్లు నిలుస్తుంది?

కోటగోడ కనిపించాక అలసట సగం తగ్గింది. గోడ ఎక్కడ మొదలైందో, బండ ఎక్కడ ముగిసిందో వెంటనే తెలియదు. కొండ ఎటు వంగితే గోడా అటే వంగింది. ద్వారం నీడలో కూర్చుని మంథని దిక్కు చూస్తుంటే మా వేయిస్తంభాల గుడి శాసనం గుర్తొచ్చింది. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు వేయించిన ఆ శాసనంలో, ఆయన తండ్రి రెండో ప్రోలరాజు మంత్రకూటం పాలకుడు గుండడిని ఓడించిన సంగతి ఉంది. ఆ మంత్రకూటమే మంథని అంటారు. చిన్నప్పటి నుంచి ఆ శాసనం పక్క నుంచే నడిచిన నాకు, అందులోని ఊరు ఇంత ఎత్తు నుంచి ఏ దిక్కున ఉందో చూడటం గొప్పగా అనిపించింది. కింద పచ్చటి నాట్లు. ఇంకో వైపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టలు, బూడిద రంగులో, వరసగా.

సీతమ్మ కొలను దగ్గరికి చేరేసరికి అలారం మోగింది. పైన ఇంకా బురుజులున్నాయి, ఫిరంగి ఉందని విన్నాను. "మామా, ఇంకో పావుగంట!" అని మేనకోడలు బతిమాలింది. నాకూ వెళ్లాలనే ఉంది. కానీ తడి బండల మీద దిగడానికీ చాలాసేపే పడుతుంది, పైగా సారు మోకాళ్లు అప్పటికే నొప్పి. దిగేటప్పుడు బావ ముందు నడిచి ఒక్కో బండా కాలితో నొక్కి చూసి, "రండి సార్, గట్టిగనే ఉంది" అంటూ ఆయనకు చెయ్యి అందించాడు.

బస్సు దగ్గరికి వచ్చేసరికి మూడుకు పది నిమిషాలుంది. పులిహోర, పప్పుచారు నిలబడే తిన్నాం.

ఎవరైనా వెళ్లాలనుకుంటే ఇలా హాల్ట్ మధ్యలో కాదు, రామగిరికనే వెళ్లండి. పెద్దపల్లిలోనో మంథనిలోనో రాత్రి ఉండి, పొద్దున ఆరింటికే ఎక్కడం మొదలుపెట్టండి. పట్టు ఉన్న బూట్లు, సరిపడా నీళ్లు, తిండి పట్టుకెళ్లండి, కవర్లు తిరిగి తెచ్చుకోండి. మొక్కలు తెలిసినవాళ్లు వెంట ఉంటే మరీ మంచిది. మేం కార్తీకంలో మళ్లీ వెళ్తున్నాం. సారు ఇప్పటికే తన పాత విద్యార్థులకు ఫోన్లు మొదలుపెట్టాడు.