లేటెక్‌లో శాసన పాఠాలు: మాయమైన మూడు పంక్తులు (నా అనుభవం)

నిన్న మధ్యాహ్నం థీసిస్ కాపీలు యూనివర్సిటీ సెక్షన్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆరేళ్ల పని. రసీదు పర్సులోంచి తీసి ఇప్పటికి నాలుగుసార్లు చూసుకున్నాను. సెక్షన్‌లో మూడు రోజులు తిప్పించారు, అది అందరికీ తెలిసిన కథే. నేను రాయాలనుకున్నది వేరు. నన్ను నలుగురిలో తలదించుకునేలా చేసిన ఒక చిన్న గుర్తు గురించి. శాసనాలో, తాళపత్రాల పాఠాలో లేటెక్‌లో (కమాండ్లు రాస్తే పేజీలు కూర్చి పీడీఎఫ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) టైప్ చేసేవాళ్లకు ఇది ముందే తెలియాలి.

నా పరిశోధన కడప జిల్లాలోని విజయనగర కాలపు గ్రామ శాసనాల మీద. కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు మా జిల్లావే. రేనాటి చోళులు వేయించినవి, తెలుగు శాసనాల్లో అన్నిటికంటే పాతవి. వాటి గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. చెరువు కట్ట మీదా, గుడి వెనకా పడి ఉన్న పదహారో శతాబ్దపు రాళ్లను అడిగేవాళ్లు లేరు. నేను అలాంటివి నలభై ఒకటి చదివాను. రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది, ప్రతిదానికీ ఎస్టాంపేజీ, అంటే అక్షరాల కాగితపు అచ్చు, నా చేత్తో తీశాను. రాయి మీది అక్షరం చదవడంలో నాకు వంక పెట్టేవాళ్లు తక్కువని ధైర్యంగానే చెబుతాను.

టైపింగ్‌కు మొదట ఏడు రోడ్ల దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో ఇచ్చాను. పంక్తుల నంబర్లన్నీ చేత్తో కొట్టేవాళ్లు. మధ్యలో ఒక పంక్తి చేరిస్తే కింద ఉన్నవన్నీ మార్చాలి, మార్చినందుకు మళ్లీ డబ్బు. అదైనా ఓర్చుకున్నాను గానీ బండి ఱ ఉన్నచోటల్లా మామూలు ర కొట్టేసి, "చదివేవాళ్లకు అర్థమైతాది కదా మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. శాసనంలో ఱ ఉందా ర ఉందా అన్నదే నాకు ఒక అధ్యాయం. అడ్వాన్సు పోయినా సరేనని కాగితాలు వెనక్కి తెచ్చుకున్నాను. ఆ జాగ్రత్త లేనివాళ్ల చేతికి పాత పాఠాలు ఇవ్వకండి.

మా అన్న కొడుకు బెంగళూరులో ఉంటాడు. "అత్తా, లేటెక్ నేర్చుకో, నంబర్లు అదే వేస్తుంది" అన్నాడు. డొనాల్డ్ కనూత్ అనే ఆయన 1978లో టెక్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్ తెచ్చాడట, దాని మీద లెస్లీ లాంపోర్ట్ 1980లలో లేటెక్ కట్టాడట. లేటెక్‌ను బ్రౌజర్‌లోనే రాయనిచ్చే ఓవర్‌లీఫ్‌లో ఖాతా తెరవడం, ఫైలును పీడీఎఫ్‌గా మార్చే కంపైలర్‌ను తెలుగు ఫాంట్లు వాడనిచ్చే జీలేటెక్‌కు మార్చడం, ఫాంట్లు ఎంచుకునే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో తెలుగు ఫాంటు పెట్టి స్క్రిప్ట్ తెలుగు అని చెప్పడం, అన్నీ ఒక ఆదివారంలో అయిపోయాయి. స్క్రిప్ట్ మాట మాత్రం మరవకండి, అది లేకపోతేనే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి.

జాబితాలు మూడు రకాలు. ఐటమైజ్ చుక్కలు వేస్తుంది, ఎన్యూమరేట్ అంకెలు వేస్తుంది, డిస్క్రిప్షన్ మాటను ముద్దక్షరాల్లో (బోల్డ్) పెట్టి పక్కన అర్థం రాయనిస్తుంది. పుట్టి, తూము, మాన్యం లాంటి మాటల పట్టిక డిస్క్రిప్షన్‌లో చేశాను. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని, బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువు పక్కన పెట్టుకుని రాసిన పట్టిక అది, థీసిస్‌లో నాకు బాగా ఇష్టమైన భాగం. నా ఫాంటులో బోల్డ్ లేక మాటలు పలచగా వచ్చాయి. నోటో సెరిఫ్ తెలుగుకు మారితే సరిపోయింది.

శాసన పాఠానికి ఎన్యూమరేట్. రాయి మీది ఒక్కో పంక్తి ఒక్కో ఐటమ్. మామూలుగా పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీ ఎక్కువ వస్తుంది. ఎన్యూమ్‌ఐటమ్ అనే ప్యాకేజీ పెట్టుకుని నోసెప్ అంటే దగ్గరవుతాయి. రాయికి రెండో ముఖం ఉంటే అక్కడి జాబితాకు రెజ్యూమ్ అని పెట్టాలి, అంకె ఆగిన చోటినుంచే సాగుతుంది. దానం చేసిన భూమికి నాలుగు ఎల్లలుంటాయి, వాటికి అ, ఆ, ఇ, ఈ వేయాలని నా పట్టుదల. లోపలి జాబితాకు లేటెక్ మామూలుగా ఇంగ్లీషు అక్షరాలు వేస్తుంది. మావాడు ఇఫ్‌కేస్ అనేదాంతో తెలుగు వరుస రాసిచ్చాడు. దాని లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మొదటి అక్షరం ముందు కూడా ఒక ఆర్ (or అనే కమాండ్) పెట్టాలి, లేకపోతే మొదటిదైన తూర్పు ఎల్లకే 'అ' బదులు 'ఆ' పడుతుంది. ఇదంతా శ్రమే గానీ బాధ కాదు.

బాధ ప్రీ సబ్మిషన్ సెమినార్ రోజు, అంటే థీసిస్ ఇచ్చే ముందు పని అందరికీ చూపించే రోజు మొదలైంది.

బయటి నుంచి వచ్చిన పెద్దాయన, శాసన పాఠాలున్న అనుబంధం తెరిచారు. మొదటి శాసనం. వేలుతో కిందిదాకా వచ్చి, "ఇరవై రెండు పంక్తులని రాసినావు, ఇక్కడ పందొమ్మిదే ఉండాయే?" అన్నారు. నాకు మాట రాలేదు. "పదకొండో పంక్తిలో దాత పేరు ఉందన్నావు. ఇక్కడ పదకొండులో చేను లెక్క ఉంది. పదిహేడులో చెరువు ఎల్ల అన్నావు, ఇక్కడ శాపం ఉంది." హాల్లో ఇరవై మంది దాకా ఉన్నారు. ఆయన పుస్తకం మూసి, "ఏమ్మా, ఆ రాయి నువ్వు చూసినావా?" అని అడిగారు.

ఆ రాయి కోసం ఏప్రిల్ ఎండలో రెండు రోజులు ఆ ఊళ్లో ఉన్నాను. గాలికి కాగితం లేచిపోతుంటే గుడి పూజారిగారి భార్య వచ్చి రెండు మూలలు పట్టుకుంది. ఆ మాట చెప్పబోతే మా గైడ్ సార్ "సరిచేసుకుంటుంది లెండి సార్" అని ముగించారు. ఆయన నా పక్షాన ఒక్క మాట అనుంటే బాగుండేది, ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఇంటికొచ్చి ఫైలు చూస్తే ఇరవై రెండు ఐటమ్‌లూ ఉన్నాయి. పీడీఎఫ్‌లో పాఠమంతా ఉంది, చివరి అంకె మాత్రం 19. ఎర్రర్ ఒక్కటీ లేదు. అంతకుముందు ఎక్కడైనా ఐటమ్ రాయడం మరిస్తే "ఏదో తేడా ఉంది, ఐటమ్ మరిచారేమో" అనే అర్థంలో మెసేజ్ ఇచ్చేది. ఈసారి నోరు మెదపలేదు. ఫాంటు మార్చాను, ఎన్యూమ్‌ఐటమ్ తీసేశాను, పాఠమంతా మళ్లీ టైప్ చేశాను. మళ్లీ 19. రెండు రాత్రులు నిద్ర లేదు.

మూడో రోజు పీడీఎఫ్‌ను బాగా పెద్దది చేసి మొదటి పంక్తి చూశాను. అక్కడ అంకే లేదు. రాయి మీద మొదటి అక్షరం పగిలిపోయింది, అందుకని శాసన పాఠాల పద్ధతి ప్రకారం దాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి [స్వ]స్తిశ్రీ జయాభ్యుదయ అని టైప్ చేశాను. పీడీఎఫ్‌లో బ్రాకెట్లు పోయి, స్వ ఒక్కటీ మార్జిన్‌లో అంకె ఉండాల్సిన చోట కూర్చుంది. కొంచెం ఖాళీ, తర్వాత స్తిశ్రీ. ఎన్నోసార్లు ప్రూఫ్ చూసినా కన్ను దాన్ని స్వస్తిశ్రీ అనే చదివేసింది. 9, 15 పంక్తులు కూడా పగిలిన అక్షరాలతోనే మొదలవుతాయి. అక్కడా ఇదే.

మావాడికి ఫోన్ చేస్తే వెంటనే చెప్పాడు: "బ్రాకెట్‌ను ఐటమ్ మింగేసింది అత్తా." ఐటమ్ తర్వాత చదరపు బ్రాకెట్ కనిపిస్తే, ఈ ఒక్కదానికి అంకె వద్దు, నేను చెప్పిన గుర్తు వేయి అని దాని అర్థం. డిస్క్రిప్షన్‌లో మాటను పెట్టేది ఆ బ్రాకెట్‌లోనే, అది నేను వందసార్లు చేసినదే. అలా గుర్తు ఇచ్చిన పంక్తికి లెక్క కూడా ముందుకు జరగదు. అందుకే రెండో పంక్తి 1 అయింది, తొమ్మిది దాటాక రెండు తగ్గింది, పదిహేను దాటాక మూడు తగ్గింది. లేటెక్ దృష్టిలో ఇది తప్పు కాదు కాబట్టి ఎర్రర్ రాలేదు.

అంకెలు జరగడం కంటే నన్ను కలచివేసింది బ్రాకెట్లు పోవడం. ఆ బ్రాకెట్ అంటే "ఇక్కడ రాయి పగిలింది, ఇది నా ఊహ" అని చదివేవాళ్లకు నేనిచ్చే మాట. అది పోతే, కనిపించని అక్షరాన్ని స్పష్టంగా చూశానని చెప్పినట్టే. పెద్దాయన అంకెలు పట్టుకున్నారు గానీ దీన్ని గమనించలేదు. నలభై ఒక్క శాసనాల్లో ఇలాంటి పంక్తులు అరవై ఏడు దొరికాయి.

దీనికి మందు రెండు విధాలు. ఐటమ్‌కూ బ్రాకెట్‌కూ మధ్య ఒక ఖాళీ మీసాల బ్రాకెట్ జత పెడితే చాలు, అప్పుడు చదరపు బ్రాకెట్‌ను పాఠంగానే తీసుకుంటుంది. నేను చేసింది రెండోది. పగిలిన అక్షరాల కోసం న్యూకమాండ్‌తో సొంత కమాండ్ ఒకటి రాసుకుని, ఫైలంతటా బ్రాకెట్ బదులు దాన్ని పెట్టాను. ఐటమ్ తర్వాత నేరుగా బ్రాకెట్ కనిపించదు కాబట్టి మింగదు. పద్యాలు టైప్ చేసేవాళ్లూ చూసుకోండి, పాదం చివర రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి తర్వాతి పాదం చదరపు బ్రాకెట్‌తో మొదలుపెడితే అదీ ఇలాగే దాన్ని లాక్కుంటుంది. కాకపోతే అక్కడ ఎర్రర్ ఇస్తుంది, అది నయం.

అధ్యాయాల్లో పంక్తుల నంబర్లు చేత్తో రాయకుండా లేబుల్, రెఫ్ వాడమని (పంక్తికి లేబుల్‌తో పేరు పెడితే, రెఫ్ దాని అంకెను అదే వేస్తుంది) అందరూ చెబుతారు. ఇందులో మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. నేను నోటుబుక్కు చూసి చేత్తో వేశాను కాబట్టే అనుబంధంలోని పాఠానికీ అధ్యాయాల్లోని చర్చకూ పొంతన కుదరక తప్పు బయటపడింది. రెఫ్ వాడి ఉంటే రెండూ ఒకే తప్పు అంకె చూపించేవి, రాయి దగ్గరికి వెళ్లినవాళ్లకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు రెఫ్ వాడుతున్నాను, కానీ ప్రతి శాసనం చివరి అంకెను నోటుబుక్కుతో సరిచూశాకే.

బైండింగ్‌కు ఇచ్చే ముందు ఆ అనుబంధం ప్రింటు తీసుకుని మళ్లీ ఆ ఊరు వెళ్లాను. రాయి మీద వేలు పెట్టి, కాగితం మీద పెన్సిల్ పెట్టి, ఒక్కో పంక్తీ చదివాను. ఇరవై రెండూ ఉన్నాయి. వైవాకు (థీసిస్ మీద మౌఖిక పరీక్షకు) ఆ పెద్దాయనే రావచ్చని గైడ్ సార్ అంటున్నారు. రానీ. ఎస్టాంపేజీ కూడా చుట్టి తీసుకెళ్తాను, బల్ల మీద మొదటి శాసనం పక్కనే పరుస్తాను.