ఎనిమిది పళ్లాల భోజనం

శనివారం రాత్రి. ఇల్లంతా నిద్రపోయింది. కాళ్లు పీకుతున్నాయి గానీ ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోవాలని కూర్చున్నాను.

అమ్మ గుంటూరు నుంచి మా దగ్గరికి, కాలిఫోర్నియాకి, వచ్చి ఆరు వారాలైంది. రైడ్లుండే పార్కుకు తీసుకెళ్లమని చిన్నది వారం రోజులుగా ఒకటే గొడవ. అమ్మకేమో పార్కు అనగానే గుండెల్లో దడ. రైడ్ల వల్ల కాదు, తిండి వల్ల. కిందటిసారి వచ్చినప్పుడు వేరే ఊళ్లో ఒక పెద్ద పార్కుకు వెళ్లాం. మధ్యాహ్నం రెండింటికి ఎండలో ముప్పావుగంట నిలబడితే చేతికొచ్చింది చల్లారి బిగుసుకుపోయిన పిజ్జా ముక్కలు, ఉప్పు తప్ప మరే రుచీ లేని బంగాళదుంప వేపుళ్లు. నలుగురికీ అయిన ఖర్చుతో ఇంట్లోకి వారానికి సరిపడా కూరగాయలు వచ్చేవి. అమ్మ రెండుసార్లు కొరికి పక్కన పెట్టేసింది. సాయంత్రానికి షుగరు పడిపోయి చేతులు వణికాయి. పార్కు మధ్యలో బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరో తల్లి తన పిల్లాడి కోసం తెచ్చుకున్న జ్యూసు డబ్బా ఇస్తే తాగించాను. ఆ వణుకు నేను మర్చిపోలేదు.

అందుకే ఈసారి ముందు భోజనం ఎక్కడో తేల్చుకున్నాకే పార్కు ఏదో తేల్చుకుందామన్నాను. మా ఆయన కూడా సరేనన్నారు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, మాకు అరగంట దూరంలోనే, బ్యూనా పార్క్ అనే ఊళ్లో, భోజనం కోసం పుట్టిన పార్కే ఒకటుంది. నాట్స్ బెర్రీ ఫార్మ్. ఎన్నోసార్లు ఆ దారినే వెళ్లాం. దాని చరిత్ర మాత్రం నిన్న రాత్రే చదివాను.

పొద్దున్నే అమ్మ లేచి పులిహోర కలిపేసింది. నేను వద్దనలేదు. లోపలికి బయటి తిండి తీసుకెళ్లనివ్వరని చెబితే, "కారులో ఉంటుందిలే, పులిహోరకేం, సాయంత్రానికి ఇంకా బాగుంటుంది" అంది. పల్లీలు విడిగా కట్టింది, మెత్తబడకుండా. బస్సు ప్రయాణాలకు కూడా అలాగే కట్టేది.

చికెన్ డిన్నర్ రెస్టారెంటు పార్కు గేటుకు బయటే ఉంది. పార్కు టికెట్టు లేకపోయినా వెళ్లి తినొచ్చు. మేం పదకొండున్నరకల్లా వెళ్లి పేరు రాయించుకున్నాం. కూర్చున్నాక మొదట చిన్న గిన్నెల్లో ఎర్రగా, చల్లగా, జారుజారుగా ఏదో తెచ్చి పెట్టారు. చెర్రీ పళ్లతో ఉడికించిన రూబార్బ్. చిన్నది ముక్కు చిట్లించింది. అమ్మ చెంచాతో కొంచెం నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, నాలుకతో అంగిట్లో రుద్దింది. కూరలో ఉప్పు చూసేటప్పుడూ అలాగే చేస్తుంది.

"ఇది చుక్కకూరే" అంది.

"చుక్కకూర కాదమ్మా, ఇదేదో కాడ."

"కాడైతే కానీ. చింతపండు పులుపు కాదిది, మామిడికాయ పులుపూ కాదు. చుక్కకూర పులుపు. వాళ్లు పంచదార పోశారు, మనం పప్పులో వేస్తాం, అంతే."

ఫోనులో చూశాను. చుక్కకూరా రూబార్బూ ఒకే కుటుంబం మొక్కలు. రెండింట్లోనూ ఆ పులుపులో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది. రూబార్బ్ ఆకుల్లో అది మోతాదు మించి ఉంటుంది కాబట్టి ఆకు తినకూడదు, కాడ ఒక్కటే వండుకోవాలి. అమ్మకు చదివి వినిపించాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. నాలుక ముందే చెప్పిందిగా. ఆశ్చర్యపోయింది నేనే. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఈ దేశంలో రెండే రెండుసార్లు అడుగుపెట్టిన మనిషి, పేరు కూడా వినని మొక్కకు గిన్నెలోంచే చుట్టరికం పట్టేసింది.

తర్వాత చికెన్ వచ్చింది. పెద్ద పళ్లెంలో నాలుగు ముక్కలు, పక్కన మెదిపిన బంగాళదుంప, దాని మీద గ్రేవీ, మజ్జిగ పోసి చేసిన వేడి బిస్కెట్లు. ఇక్కడ బిస్కెట్ అంటే మన టీలో ముంచుకునేది కాదు, బన్నులాంటిది, పొరలు పొరలుగా విడిపోతుంది. క్యాబేజీలో పంది మాంసం వేస్తారని తెలిసి మేం మొక్కజొన్న గింజలు అడిగి తీసుకున్నాం. అమ్మ మొదట తొడ ముక్క తీసుకుంది. పైన కరకరలాడుతున్న పిండి పూతను వేలితో కొంచెం లేపి, కింద చర్మం మీద నూనె నిలిచిందేమో చూసింది. లేదు. ఎముక దగ్గర విరిచింది. ఎర్రదనం లేదు, ఎండిపోనూ లేదు, చేతికి రసం అంటింది. నోట్లో పెట్టుకుని నమిలి, "ఉప్పు ఎముకదాకా పట్టింది" అంది. చికెన్ గురించి అమ్మ నోట అంతకంటే పెద్ద మాట నేను వినలేదు. గుంటూరు కారం లేని కోడి ముక్కకు ఆ మాట దక్కడం ఇదే మొదలు.

తింటుండగానే రాత్రి చదివిన కథ చెప్పాను. వాల్టర్ నాట్, ఆయన భార్య కార్డీలియా 1920లో ఇక్కడ ఇరవై ఎకరాలు కౌలుకు తీసుకుని బెర్రీలు పండించి, రోడ్డు పక్కన కొట్టు పెట్టుకుని అమ్ముకునేవారు. రూడాల్ఫ్ బాయ్సన్ అనే ఆయన పక్కనే అనహైమ్‌లో కొత్త రకం బెర్రీ తీగ పెంచడానికి ప్రయత్నించి, చేతకాక వదిలేశాడు. ఆ పండు మాట విని ప్రభుత్వ వ్యవసాయ శాఖ నుంచి జార్జ్ డారో అనే శాస్త్రజ్ఞుడు వస్తే, ఆయన్ని వెంటబెట్టుకుని వాల్టర్ వెళ్లి చూశాడు. కలుపులో కలిసిపోయి చావబోతున్న తీగలు కొన్ని కనిపించాయి. వాటిని తెచ్చి తన పొలంలో నాటి బతికించాడు. 1932 నుంచి ఆ పళ్లు అమ్మడం మొదలుపెట్టాడు. పేరు మాత్రం తనది పెట్టుకోలేదు, బాయ్సన్‌బెర్రీ అన్నాడు. ఇక్కడ అమ్మ చేతిలో ముక్క ఆగింది. "మంచి మనిషి" అంది.

అప్పుడు ఇక్కడంతా కరువు రోజులు, బ్యాంకులు మూతపడి, ఉద్యోగాలు ఊడిపోయిన కాలం. బెర్రీలు అమ్ముకుంటే ఇల్లు గడవని పరిస్థితి. 1934 జూన్‌లో ఒకరోజు కార్డీలియా కోడి మాంసం వేయించి, బిస్కెట్లు, కూరలు, పండ్లు పెట్టి కాల్చే 'పై' అనే తీపి వంటకం, అన్నీ కలిపి భోజనం పెట్టింది. మనిషికి 65 సెంట్లు. ఆ రోజు ఎనిమిది భోజనాలు వడ్డించింది, తన పెళ్లికి వచ్చిన పింగాణీ పళ్లాల్లో. ఆ తర్వాత జనం వేలల్లో వచ్చి గంటలకొద్దీ వరసల్లో నిలబడుతుంటే, వాళ్లకు పొద్దుపోవడానికి వాల్టర్ 1940లో పాతకాలపు గని ఊరొకటి కట్టడం మొదలుపెట్టాడు. ఘోస్ట్ టౌన్ అంటారు. దాని చుట్టూ ఒక్కొక్కటే చేరి ఇంత పార్కయింది. చుట్టూ కంచె వేసి టికెట్టు పెట్టింది 1968లో. అప్పటిదాకా ఊరికే తిరిగి వెళ్లేవారు.

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని అడిగింది. "పెళ్లి పళ్లాలా?"

"అవునమ్మా."

కాసేపు మాట్లాడలేదు. నాకు తెలుసు ఎక్కడికి వెళ్లిందో. నేను మూడో తరగతిలో ఉండగా నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. అమ్మ మా వరండాలో మెస్సు పెట్టింది, కోచింగ్‌కి వచ్చిన పిల్లల కోసం. మొదటి రోజు ముగ్గురే వచ్చారు. కంచాలు కొనడానికి డబ్బుల్లేక, పుట్టింటివాళ్లు సారెలో పెట్టిన స్టీలు కంచాలు అటక మీంచి దింపింది. అంచున తాతయ్య పేరు, పెళ్లి తేదీ కొట్టించి ఉండేవి. పప్పు, గోంగూర పచ్చడి, చారు, పెరుగు. మూడేళ్లకు నలభై క్యారియర్లు, వరండా నిండా మనుషులు. తోమి తోమి కంచాల మీద పేర్లు అరిగిపోయాయి. ఇప్పటికీ ఒకటి గుంటూరులో ఉంది. తేదీలో ఒక్క తొమ్మిది మాత్రం కనిపిస్తుంది.

"ఈ పార్కుల్లో తిండి ఎందుకు బాగుండదో తెలుసా?" అంది అమ్మ కాసేపటికి. "లోపలికొచ్చిన మనిషి బయటికి పోలేడు. ఏది పెట్టినా తింటాడు. నా దగ్గర పిల్లలు నెలకోసారి డబ్బు కట్టేవాళ్లు. చారు నీళ్లలా ఉంటే నెల తిరగ్గానే పక్క సందులో మెస్సుకు పోయేవాళ్లు. ఆ భయంతోనే వండాను పదిహేనేళ్లు. ఈవిడా అంతే. రోడ్డు మీద పోయేవాడు ఆగాలి, మళ్లీ రావాలి."

నేను ఏడాదిగా ఆలోచిస్తున్నదానికి రెండు నిమిషాల్లో జవాబు చెప్పింది. ఆ మాట పట్టుకుని చూస్తే, పెద్ద పార్కుల్లో వంటంతా గడ్డకట్టిన సరుకును నూనెలోకి దించి తీయడమే ఎందుకైందో అర్థమవుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వేలమంది ఒక్కసారి ఆకలితో వస్తారు, ఎవరూ ఎక్కడికీ పోలేరు, రేపు కొత్తవాళ్లు వస్తారు. ఇక్కడ మాత్రం వంటిల్లు ఇవాళ్టికీ కంచెకు బయటే ఉంది.

వడ్డించిన ఆవిడ పళ్లాలు తీయడానికి వచ్చినప్పుడు, ఉప్పు ఎముకదాకా పట్టిందన్న మాట ఆవిడకు చెప్పమని అమ్మ నన్ను పొడిచింది. చెప్పాను. ఆవిడ అమ్మ భుజం మీద చెయ్యి వేసి, లోపలికెళ్లి ఇంకో నాలుగు బిస్కెట్లు వేడివి తెచ్చి కాగితంలో చుట్టి ఇచ్చింది.

రైడ్ల సంగతి ఎక్కువ రాయను. చిన్నదీ వాళ్ల నాన్నా ఘోస్ట్‌రైడర్ ఎక్కారు. 1998లో కట్టిన కొయ్య రోలర్ కోస్టర్ అది. చప్పుడు వింటేనే అమ్మ కళ్లు మూసుకుంది. దుంగల పడవ మాత్రం నలుగురం ఎక్కాం. అమ్మ చీర అంచు తడిసింది, నవ్వింది. అంతసేపు నవ్వడం ఈమధ్య చూడలేదు.

ఏప్రిల్ కాబట్టి బాయ్సన్‌బెర్రీ పండగ నడుస్తోంది. ఎటు చూసినా ఊదా రంగే. సాసులో, కోడి రెక్కల మీద, ఐస్‌క్రీములో, నిమ్మరసంలో, అన్నింట్లోనూ ఆ పండే. రుచి చూపించే కార్డు ఒకటి కొంటే ఆరు చోట్ల కొంచెం కొంచెం ఇస్తారు. షుగరు మనిషికి అదే మేలనిపించింది, అన్నీ ఒక్కో చెంచా. రెక్కలు బాగున్నాయి, పులుపూ కారమూ కలిసి. నిమ్మరసం మరీ తీపి. ఫన్నెల్ కేక్ దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. పల్చటి పిండిని గరాటులోంచి సలసల కాగే నూనెలోకి చుట్లు చుట్లుగా పోస్తున్నారు. "చెయ్యి తిరిగిన మనిషే. జిలేబీ చుట్టడం తెలిసిన చెయ్యి" అంది. పైన బెర్రీ గుజ్జు వేసి ఇస్తే అంచు ఒకటి విరుచుకుని తిని, మిగతాది చిన్నదానికి ఇచ్చేసింది.

నాలుగున్నరకు బయటికొచ్చి కారు దగ్గర పులిహోర తిన్నాం. డిక్కీ తలుపెత్తి దాని నీడలో నిలబడి, పేపరు ప్లేట్లలో. అమ్మ చెప్పినట్టే పులుపు బాగా దిగింది. పల్లీలు కరకరలాడాయి. "అత్తయ్యగారూ, ఇది ఇక్కడ అమ్మితే వరస గేటు దాటుతుంది" అన్నారు మా ఆయన. అమ్మ ఆయన ప్లేటులో ఇంకో గరిటె వేసింది. ఆ పొట్లంలోని బిస్కెట్లలో రెండు చిన్నది పులిహోరతోనే తినేసింది.

తిరిగొస్తూ కూరగాయల కొట్టు దగ్గర ఆపమంది అమ్మ. రూబార్బ్ కావాలట. కాడలు ఎర్రగా, సెలెరీ అంత లావున, ఆకులు కోసేసి కట్టలు కట్టి పెట్టారు. గోరుతో గిచ్చి లేతవి ఏరుకుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, నేను కూర్చోమన్నా వినకుండా కందిపప్పు కుక్కర్లో పడేసింది. కాడలు అంగుళం ముక్కలు కోసి, పచ్చిమిర్చి, పసుపు వేసి మగ్గబెడితే అయిదు నిమిషాల్లో కరిగిపోయాయి. చింతపండు డబ్బా తీసి పక్కన పెట్టాను.

"అది తియ్యొద్దు. చుక్కకూర పప్పులో చింతపండు ఎవరైనా వేస్తారా?" అంది.

ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ తిరగమోత. రంగు కొంచెం గులాబీగా వచ్చింది. వేడన్నంలో నెయ్యి వేసుకుని తిన్నాం. చిన్నది రెండోసారి వడ్డించమంది. గిన్నె అడుగున కొంచెం మిగిలితే అమ్మ మూతపెట్టి, రేపు దోసెల్లోకి నాకే అని చెప్పి పడుకుంది.