పటగోనియా గాలికి బెజవాడ స్వెట్టరు చాలదు

బీసెంట్ రోడ్డులో లావుపాటి స్వెట్టరు కొని, దక్షిణ అమెరికా దక్షిణపు కొసన ఉన్న పటగోనియా వెళ్లేవాళ్లకి ఒక మాట. అక్కడ ఏడిపించేది చలి కాదు, గాలి. ఉన్ని అల్లికలోంచి సూటిగా దూరిపోతుంది. పైన గాలి చొరని పల్చటి జాకెట్ ఉంటేనే లోపలి వెచ్చదనం నిలుస్తుంది. గొడుగా? ఇంట్లోనే పెట్టేయండి.

మన సంక్రాంతికి వాళ్లకి నడివేసవి, గాలి జోరూ అప్పుడే. కారు ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపాలి. వెనకనుంచి కొడితే తలుపు చేతిలోంచి లాక్కుపోతుంది, కీలు వంగుతుంది. ఒక్కో తలుపే తెరవాలి, అంచు గట్టిగా పట్టుకుని.

అర్జెంటీనాలోని ఎల్ కలఫాతే ఊరినుంచి పెరితో మొరేనో హిమానీనదం సుమారు 80 కిలోమీటర్లు. నీటిపైన మంచుగోడ దాదాపు 60 మీటర్లు. చప్పుడు వినపడేసరికి విరిగిన మంచుముక్క అప్పటికే నీళ్లలో ఉంటుంది, గోడమీదే కన్నేయండి.

అక్కడినుంచి చిలీలోకి దాటితే సరిహద్దులో పండ్లు లాగేసుకుంటారు. ఆవకాయ సీసా ఉంటే ఫారంలో రాసేయండి.