పాత దెయ్యాలతో మా రెండో శనివారాలు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు వ్యాసం కావాలని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు, ఉపాధ్యాయుల గురించి, తరగతి గదుల గురించి నాకంటే బాగా జ్ఞాపకమున్నవారు మన 1986 బ్యాచిలోనే చాలామంది ఉన్నారని, కాబట్టి నేను వేరే సంగతి రాస్తానని చెప్పాను. బడి వదిలి ఇన్నేళ్ళయినా మాలో కొందరిని నెలకొకసారి ఒకచోట కూర్చోబెడుతున్నవి పాత సినిమాలు, అందులోనూ చిన్నతనంలో మమ్మల్ని హడలగొట్టిన సినిమాలు. విశాఖ లాసన్స్ బే కాలనీలో ఒక మిత్రుడి ఇంటి పై అంతస్తులో ప్రొజెక్టరు అమర్చుకుని, రెండో శనివారం సాయంత్రం ఒక చిత్రం చూసి, ఆ తరువాత దాని గురించి వాదించుకోవడం మాకు అలవాటైంది. సినిమా రెండున్నర గంటలైతే వాదన మూడు గంటలు సాగుతుందని ఇంటావిడ ఫిర్యాదు. అది నిజమే.

విద్యార్థి దశలో మేము దెయ్యాలను రెండు దారుల్లో కలుసుకున్నాం. ఒకటి థియేటరు, రెండోది వీడియో క్యాసెట్టు. విఠలాచార్య గారి ‘జగన్మోహిని’ 1978లో వచ్చేనాటికి మేము ప్రాథమిక పాఠశాల పిల్లలం. కట్టెలు లేకపోతే దెయ్యం తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేసే దృశ్యం చూసి వచ్చాక, ఇంట్లో పొయ్యి వైపు చూడటానికే భయపడిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ తరువాత వీసీఆర్‌ను అద్దెకు తెచ్చి రాత్రంతా వరసగా సినిమాలు చూసే కాలం వచ్చింది. ‘ఈవిల్ డెడ్’, ‘ఎక్సార్సిస్ట్’ వంటి వాటిని మేము చూసింది అలాగే, కాపీ మీద కాపీ తీసిన క్యాసెట్లలో, సగం దృశ్యాలు గీతలతో అలుక్కుపోయి ఉండగా. ఆ మసకలో కనిపించని దానిని మేమే ఊహించుకున్నాం కనుక అవి మరింత భయపెట్టాయని మాలో ఒకరి వాదన. శుభ్రమైన ప్రతిలో మళ్ళీ చూసిన తరువాత నాకూ అది కొంతవరకు సమంజసమేననిపించింది.

‘ఎక్సార్సిస్ట్’ విషయంలో మాకు ఎదురైన అనుభవం కొంచెం వివరంగా చెప్పదగినది. 1973లో విలియం ఫ్రీడ్‌కిన్ తీసిన ఆ చిత్రం ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి హారర్ చిత్రం. దయ్యం పట్టిన పిల్ల పడకగదిలో అందరి నోటి నుంచీ ఆవిరి కనిపించడానికి ఆ సెట్టును నిజంగానే గడ్డకట్టేంత చల్లబరిచారని, దయ్యం గొంతు మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్ అనే నటిదని తెలిసిన తరువాత మా శ్రద్ధ కథ మీద నుంచి పనితనం మీదకు మళ్ళింది. అందుకేనేమో, తల వెనక్కి తిరిగే ఘట్టం వచ్చినప్పుడు ఎవరమూ ఉలిక్కిపడలేదు. ఒకరు నవ్వారు కూడా. అయితే అంతకు చాలా ముందే, ఆ పిల్లను ఆసుపత్రిలో పడుకోబెట్టి, మెడలోకి సూది గుచ్చి, చెవులు బద్దలయ్యే చప్పుడు చేసే యంత్రం కింద మెదడు ఫోటోలు తీసే దృశ్యం దగ్గర గదిలో అందరూ మాటలు మానేశారు. కూతురి అనారోగ్యం కోసం చాలాకాలం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన మిత్రుడొకరు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. పదిహేనేళ్ళ వయసులో అదే ఘట్టాన్ని, “ఇది బోరురా, దయ్యం దగ్గరికి పోనీ” అంటూ ఫాస్ట్ ఫార్వర్డ్ చేసినవాళ్ళం మేమే. వైద్యులకు అంతుబట్టక ఒకరి మీద ఒకరు వేసుకుంటుంటే, దేవుణ్ణి నమ్మని ఆ తల్లి చివరకు పూజారుల గడప తొక్కవలసి రావడమే ఆ సినిమాలోని అసలు భయమని మా వైద్య మిత్రుడు అన్నాడు. ఆ రోజు ఆయన మాటకు ఎదురు చెప్పినవారు లేరు. మా సమావేశాల్లో ఇది అరుదైన విషయం.

రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ని 1992లో మేము ఉద్యోగాల వేటలో ఉన్న రోజుల్లో చూశాం. రేవతి నటించిన ఆ చిత్రంలో దెయ్యం కనిపించేది తక్కువ. కెమెరా ఖాళీ గదుల్లో, మెట్ల మీద ఎవరో నడుస్తున్నట్టు కదులుతూ ఉంటుంది. నేపథ్య సంగీతం మణిశర్మది. పాటలతో తెలుగువారందరికీ పరిచయం కావడానికి ముందే ఆయన చేసిన పని అది. మళ్ళీ చూసినప్పుడు కథానాయిక కంటే ఆమె తల్లిదండ్రుల మీద మా దృష్టి నిలిచింది. కొత్త ఇంట్లోకి మారిన ఒక మామూలు కుటుంబం, కళ్ళ ముందు పిల్ల మరో మనిషిలా మారిపోతుంటే వైద్యుడా, మంత్రగాడా అని తేల్చుకోలేక నలిగిపోవడం, అప్పట్లో మాకు కథ నడవడానికి అవసరమైన సామగ్రిగానే తోచింది. ఇప్పుడు అదే కథ.

అన్ని చిత్రాలూ ఇలా ఎదిగాయని చెప్పలేను. ‘ఈవిల్ డెడ్’ మాకు పెద్దగా ఏమీ మిగల్చలేదు. శామ్ రైమీ కుర్రతనపు హుషారు, తక్కువ డబ్బుతో కెమెరాను అడవిలో పరుగెత్తించిన తెగువ మెచ్చుకుని వదిలేశాం.

భయం చెవిలోంచి వస్తుందని మా రేవు ఉద్యోగి మిత్రుడు ఎప్పటినుంచో వాదిస్తున్నాడు. ఆయన సాక్ష్యంగా తెచ్చింది 1960 నాటి ‘సైకో’. స్నానాల గది హత్యకు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ మొదట అనుకున్నాడని, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగ వాయిద్యాలతో కూర్చిన ఆ కీచు స్వరాలు విన్న తరువాతే మనసు మార్చుకున్నాడని అందరికీ తెలిసినదే. ధ్వని ఆపేసి ఒకసారి, పెట్టి ఒకసారి ఆ ఘట్టాన్ని చూశాం. ధ్వని లేనప్పుడు అది చాలా నేర్పుగా అతికిన ముక్కల వరస మాత్రమే. రక్తానికి బదులు వాడినది చాక్లెట్ సిరప్ అన్న సంగతి కూడా అప్పుడు ఇట్టే గుర్తుకొస్తుంది. ధ్వని ఉంటే ఎవరికీ గుర్తురాదు. దీనికి జవాబుగా నేను వంశీ ‘అన్వేషణ’ను ముందుకు తెచ్చాను. 1985లో, అంటే మేము పదో తరగతి చేరే రోజుల్లో వచ్చిన ఆ చిత్రంలో పక్షుల కూతల్లో సంగీతపు మూలాలు వెతకడానికి అడవికి వచ్చిన అమ్మాయిగా భానుప్రియ నటించింది. చంపుతున్నది పులి అని ఊరంతా నమ్ముతుంటే, ఇళయరాజా సంగీతం మాత్రం అది పులి కాదేమోనన్న అనుమానాన్ని ముందు నుంచీ మన చెవిలో వేస్తూ ఉంటుంది. భయపెట్టడానికీ అనుమానపెట్టడానికీ తేడా ఉందని, మన సినిమాల్లో రెండోది అరుదని నా అభిప్రాయం. రేవు మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు.

క్లాసిక్ అనగానే మాలో అందరూ చేయెత్తేది 1957 నాటి ‘మాయాబజార్’కు. పాండవుల కథలో పాండవులే తెర మీద కనిపించరన్న విషయాన్ని ఇన్నిసార్లు చూసినవాళ్ళలో కూడా కొందరు గమనించలేదు. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు మాలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి, ఇప్పటికీ అవి అలాగే ఉన్నాయి. పిల్లలు చూడాలంటే రంగులు ఉండాల్సిందేనని ఒక పక్షం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వెన్నెలను నలుపు తెలుపుల్లో సృష్టించి చూపిన తరువాత దాని మీద రంగు పూయడం అనవసరపు శ్రమ అని నా పక్షం. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటను రెండు ప్రతుల్లోనూ వరసగా వేసి చూశాం. రంగుల పక్షంవారు ఆ ఒక్క పాటకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

కల్ట్ అనే మాట మీద మా పిల్లలతో ఒకసారి గట్టి చర్చ జరిగింది. 2010లో విడుదలైనప్పుడు నిరాశపరచిన ‘ఖలేజా’ను ఈ తరం డైలాగులతో సహా అప్పజెబుతుంది. అది కల్ట్ అయితే మా ‘జగన్మోహిని’ ఏమిటని ఒక మిత్రుడు అడిగాడు. “అది అప్పుడే ఆడేసింది కదా అంకుల్, కల్ట్ ఎలా అవుతుంది?” అని అమ్మాయి జవాబు. థియేటరు కాదన్న దానిని ప్రేక్షకులు తరువాత దత్తత తీసుకోవడమే కల్ట్ అని ఆమె చెప్పిన అర్థం నాకు నచ్చింది. జార్జి రొమెరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ పేరు మార్చేటప్పుడు కాపీరైటు వాక్యం జారిపోవడంతో ఎవరైనా వేసుకునే వీలు కలిగి, టీవీల్లోనూ క్యాసెట్లలోనూ అది విరివిగా తిరిగి అంతమందికి చేరిన వైనం చెప్పి ఆమెకు నేనే బలం చేకూర్చాను.

మొన్న చూసినది ‘మరో చరిత్ర’. 1978లో బాలచందర్ పట్టుబట్టి నలుపు తెలుపుల్లో తీసిన ఆ చిత్రం మన విశాఖ, భీమిలి తీరాల్లో నడుస్తుంది కనుక, ప్రతి దృశ్యానికీ “ఇది ఫలానా చోటు” అని ఎవరో ఒకరు అరవడంతో మొదటి అరగంట కథ ఎవరికీ వినబడలేదు. లిఫ్టులో కమల్‌హాసన్ తెలుగు సినిమా పేర్లు గుదిగుచ్చి పాడే పాట తరువాతే సద్దుమణిగింది. కుర్రతనంలో ఆ జంటకు ఏడాది ఎడబాటు షరతు పెట్టిన పెద్దలను తిట్టుకుంటూ ఇంటికి వచ్చినవాళ్ళం, ఈసారి ఆ షరతు సమంజసమా కాదా అన్న దగ్గర రెండుగా చీలిపోయాం. ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేసిన మిత్రుడు ఏడాది సరిపోతుందన్నాడు. ఇంకా చేయవలసినవాడు ఎక్కువన్నాడు. ప్రేమ వివాహం చేసుకున్న ఏకైక సభ్యుడు, “మా మామగారు కూడా ఇలాగే లెక్కలు కట్టార్రా” అని మొదలుపెట్టి, ఆ రాత్రి మమ్మల్ని ఒంటిగంట దాకా కూర్చోబెట్టాడు. ఈ డిసెంబరు సమ్మేళనానికి ఊరికి వచ్చే పూర్వ విద్యార్థులు ఎవరైనా ఆ వాదన మిగతా భాగం వినదలిస్తే రెండో శనివారం దాకా ఆగి వెళ్ళవచ్చు. కుర్చీలు ఉన్నాయి, ఇంటావిడ అనుమతి మాత్రం ఎవరికి వారే తెచ్చుకోవాలి.