బ్యాటరీ టెస్టర్‌కి తెలుగు తెర: నా అనుభవం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలు వేటకి వెళ్లవు. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలు ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. వాటిలోంచి దించిన 12 వోల్టుల బ్యాటరీలు గాజువాక ఆటోనగర్‌లోని మా షాపుకి వస్తాయి. ఏది మళ్లీ సముద్రం మీదికి పంపొచ్చో, ఏది పక్కన పెట్టాలో మేం చెప్పాలి. నడిసముద్రంలో రాత్రిపూట వైర్‌లెస్, జీపీఎస్ ఆరిపోతే ఎలా ఉంటుందో హార్బర్‌లో పనిచేసే మా బాబాయ్ చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు. అందుకే ఈ పరీక్షని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు.

100 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి 5 ఆంపియర్ల కరెంటు లాగుతుంటే వోల్టేజ్ 10.5కి, అంటే ఖాళీ అయినట్టు లెక్కేసే చోటికి, దిగడానికి 20 గంటలు పట్టాలి. 13 గంటలకే దిగిపోతే అందులో మిగిలిన సత్తువ 65 శాతమే. బ్యాటరీ నుంచి మనం పెట్టినంత కరెంటు లాగే ఎలక్ట్రానిక్ లోడ్ అనే పరికరం మా దగ్గర ఉంది కానీ అరగంటకోసారి రీడింగ్ చూసి నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లం. రాత్రి ఎవరో ఒకరు షాపులోనే పడుకునేవాళ్లు. తెల్లవారుజామున కన్ను అంటుకుంటే ఆ గంట రీడింగులు పోయినట్టే.

ఈ పని కంప్యూటర్‌కి అప్పజెప్పాలని వెతుకుతుంటే ఈఈజెడ్ స్టూడియో కనబడింది. క్రొయేషియాలోని ఎన్వాక్స్ సంస్థది. జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్స్ కింద సోర్స్ కోడ్ అంతా బయటే ఉంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో రెండు పనులు చేసుకోవచ్చు: ల్యాబ్ పరికరాలని నడపడం, చిన్న చిప్‌ల మీద నడిచే టచ్ స్క్రీన్లు తయారుచేయడం. నాకు రెండూ కావాలి.

పరికరాలతో మాట్లాడే భాష పేరు ఎస్‌సీపీఐ. 1990లో వచ్చిన ప్రమాణం ఇది, ఇప్పటికీ చాలా కంపెనీల మీటర్లు, లోడ్లు ఈ భాషే మాట్లాడతాయి. మొదట అడగాల్సింది 'నువ్వెవరు?' అని. నక్షత్రం గుర్తు, ఐడీఎన్, ప్రశ్న గుర్తు పంపితే తయారీదారు, మోడల్, సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ వెర్షన్ కామాలతో వరసగా రావాలి. నాకు రెండు రోజులు ఏ జవాబూ రాలేదు. కేబుల్ మార్చాను, వేరే ల్యాప్‌టాప్ పెట్టాను. చివరికి చూస్తే, ఆజ్ఞ చివర కొత్త లైన్ అక్షరం పంపడం లేదు. నేనింకా ఏదో చెప్పబోతున్నానని లోడ్ ఎదురుచూస్తూ కూర్చుంది! ఆ ఒక్క అక్షరం పెట్టగానే వరస మొత్తం వచ్చేసింది. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను.

తర్వాతి పని త్వరగానే అయింది. ఫ్లో అనే చోట డబ్బాలు పెట్టి గీతలతో కలపడమే. ఒక డబ్బా వోల్టేజ్ అడుగుతుంది, ఒకటి 10.5తో పోల్చి చూస్తుంది, ఒకటి పది సెకన్లు ఆగి మళ్లీ మొదటికి పంపుతుంది. డీబగ్గర్ పెట్టి చూస్తే పని ఏ డబ్బా దగ్గర ఉందో, ఏ విలువ వచ్చిందో కళ్లముందే కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ చదువుకోని నాలాంటి వాడికి ఇదే పెద్ద అండ.

అయితే మొదటి బ్యాటరీ ఫలితమే తప్పు వచ్చింది. మంచిదని నాకు తెలిసిన బ్యాటరీ ముందే ఆగిపోయింది. లోపం ఫ్లోలో లేదు, వైర్లలో ఉంది. క్లిప్పులూ వైర్లూ కలిపి 0.04 ఓమ్ ఉన్నాయి. 5 ఆంపియర్లు పారితే అక్కడే 0.2 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 10.7 ఉండగానే లోడ్ 10.5 అనుకుంటోంది. వోల్టేజ్ కొలవడానికే వాడే రెండు సన్న సెన్స్ వైర్లు విడిగా తెచ్చి బ్యాటరీ టెర్మినల్స్‌కే తగిలిస్తే సరిపోయింది. ఈ పని చేసేవాళ్లు ముందు ఇది చూసుకోండి, ప్రోగ్రామ్ సంగతి తర్వాత.

ఇక తెర. షాపులో బటన్ నొక్కేది నేను కాదు, మా కుర్రాళ్లు. ఫలితం చూసేది బాబాయ్ లాంటివాళ్లు. అందుకే అన్నీ తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాను. ఈఎస్‌పీ32 అనే చిన్న చిప్ ఉన్న బోర్డు, 320 బై 240 చుక్కల తెర తీసుకుని, తెర మీద బటన్లు, మాటలు గీసిపెట్టే ఎల్‌వీజీఎల్ లైబ్రరీ కోసం స్టూడియోలో పేజీ గీశాను. బటన్ నొక్కితే జరగాల్సింది మాత్రం సీ భాషలో రాశాను. ల్యాప్‌టాప్ పంపిన ఆజ్ఞలే ఇప్పుడు ఈ బోర్డు సీరియల్ తీగ మీద పంపుతుంది. మొదట్లో లోడ్ జవాబు కోసం ప్రోగ్రామ్ ఆగి చూస్తుంటే టచ్ బిగుసుకుపోయేది. వచ్చిన అక్షరాలని వచ్చినప్పుడే చదివేలా మార్చాక ఆ బాధ పోయింది.

తెలుగు ఫాంట్ ఎక్కించి తెర వెలిగించాను. బాబాయ్ కళ్లద్దాలు సవరించుకుని చూశాడు.

"ఇదేటి నాన్నా, ఒత్తులు ఊడిపోనాయి?"

నిజమే. 'వోల్టేజ్'లో టకారం ఒత్తుగా కిందికి రాలేదు, లకారం పొల్లుతో పక్కనే నిలబడింది. 'మొదలు'లో మకారం తలకట్టు పోకుండానే ఒత్వం వచ్చి మీద పడింది. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలున్నాయి కానీ ఒత్తులకి విడిగా స్థానాలు లేవు. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చి కూర్చాల్సింది అక్షరాలు గీసే సాఫ్ట్‌వేరే. ఫోన్లు, కంప్యూటర్లు ఆ పని చేస్తాయి. ఎల్‌వీజీఎల్ కుడి నుంచి ఎడమకి రాసే అరబిక్, పర్షియన్ల సంగతి చూసుకుంటుంది కానీ మన గుణింతాలు, ఒత్తులు కూర్చదు. ఆ రాత్రి చాలా బాధనిపించింది. ఇంగ్లీషులో పెట్టేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట కూడా నిజం.

తెల్లారాక తోచింది. తెర మీద మారేవి అంకెలే, మాటలు మారవు. అంకెలకి ఫాంట్ చాలు. మాటల్ని బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో శుభ్రంగా రాసి, బొమ్మలుగా తీసి, స్టూడియోలో బిట్‌మ్యాప్‌లుగా ఎక్కించాను. రంగు లేకుండా ఒక్కో చుక్కకి ఒక్క బైట్ చొప్పున, 160 బై 32 బొమ్మకి 5,120 బైట్లు. 14 మాటలకి 70 కిలోబైట్లే. బోర్డులో ఉన్నది 4 మెగాబైట్లు. రంగు ఎలాగూ ఎల్‌వీజీఎల్ వేస్తుంది కాబట్టి, 'సరిపోతుంది' ఆకుపచ్చగా, 'పనికిరాదు' ఎర్రగా వస్తాయి.

జూన్ మొదటి వారంలో బాబాయ్ తనే 'మొదలుపెట్టు' నొక్కాడు. మర్నాడు ఉదయం వచ్చి, తెర మీద 17 గంటల 40 నిమిషాలు చూసి, కింద మాట కూడబలుక్కోకుండా చదివాడు. తర్వాత పక్క బ్యాటరీ వైపు చూసి అడిగాడు: "మరీ పనికిరాదు అనీకుండా, ఛార్జి పెట్టి ఇంకోపాలి సూడండి అని రాయనేవా?" పదిహేనో బొమ్మ అదే.