సెకండ్‌హ్యాండ్ డౌన్‌హిల్ సైకిల్: ఆటోనగర్‌లో దొరికేదేంటి, దొరకనిదేంటి

సెకండ్‌హ్యాండ్ డౌన్‌హిల్ సైకిల్ ఫొటోలో ఎప్పుడూ బాగానే ఉంటుంది. రంగు మెరుస్తుంది, స్ప్రింగు ఎర్రగా కనపడుతుంది, రేటేమో కొత్తదానిలో మూడో వంతు చెబుతారు. విజయవాడలో కూర్చుని బయానా పంపే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇందులో పాడైంది ఆటోనగర్‌లో దొరుకుతుందా, పై దేశం నుంచి తెప్పించాలా? మొదటి రకం లోపాలు ఎన్నున్నా భయం లేదు, బేరానికి పనికొస్తాయి. రెండో రకంది ఒక్కటుంటే చాలు, ఆ సైకిల్ బాల్కనీలో బట్టలారేసే దండెం అవుతుంది.

అసలు డౌన్‌హిల్ సైకిలే కావాలా అన్నది ముందు తేల్చుకోండి. అది దిగడానికే పుట్టింది. ముందూ వెనకా 200 మి.మీ. దరిదాపు ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం), 16 నుంచి 18 కిలోల బరువు, ముందు ఒకటే పళ్లచక్రం, తొక్కడానికి వీల్లేనంత కిందున్న సీటు. యూరప్ బైక్ పార్కుల్లో లిఫ్టు మీద పైకి పంపుతారు. మనకు లిఫ్టు లేదు; కొండవీడు ఘాట్ రోడ్డులో టాటా ఏస్ మీద ఎక్కించుకోవాలి, లేదా నెట్టుకుంటూ ఎక్కాలి. కొండపల్లి గుట్టలు రిజర్వు ఫారెస్టు, అటవీ శాఖ అనుమతి లేకుండా దూరకూడదు. మంగళగిరి, గుణదల మెట్ల దారులు భక్తులవి, వాటి జోలికే పోవద్దు. వారం వారం గుట్టలు తిరగాలనుకునేవాళ్లకు 150 నుంచి 170 మి.మీ. ఎండ్యూరో సైకిల్ మేలు, ఎక్కుతుంది కూడా. అలాగని సైకిల్ షాపుల్లో వేలాడే ఇనుప ‘డబుల్ షాకర్’ సైకిళ్లు ఈ పనికి రావు. వాటిలో స్ప్రింగు ఉంటుంది, దాన్ని అదుపు చేసే డ్యాంపింగ్ ఉండదు.

చూడ్డం ఫ్రేమ్‌తో మొదలుపెట్టండి. అది పగిలి ఉంటే మిగతావి చూసే శ్రమే తప్పుతుంది. హెడ్‌ట్యూబ్ (హ్యాండిల్ కింది పొట్టి గొట్టం) వెల్డింగు అడుగున, పెడల్ ఇరుసు గూడు దగ్గర డౌన్‌ట్యూబ్ (అక్కణ్నుంచి కిందికి దిగే లావు గొట్టం) కలిసే చోట, చైన్‌స్టే (చైను పక్కగా వెనక చక్రానికి పోయే గొట్టం) మలుపులో, షాక్ బోల్టు పట్టుకునే చెవుల్లో గుడ్డతో తుడిచి చూడాలి. సన్న గీత కనపడితే అది రంగు పగులా, లోహం పగులా తేల్చడానికి ఇంజన్ షెడ్లలో వాడే పాత పద్ధతే చాలు. గీత మీద కిరసనాయిలు రాసి, పది నిమిషాలాగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. లోహమే పగిలి ఉంటే లోపల దాగిన నూనె సుద్దలోకి ఊరి, గీత తడిగా తేలుతుంది.

‘ఆర్గాన్ వెల్డింగ్ కొట్టిస్తే సరిపోద్దండీ’ అంటాడు అమ్మేవాడు. ఆటోనగర్‌లో అల్యూమినియం అతికే చేతులకు కొదవ లేదు, అతుకు చక్కగానే పడుతుంది. చిక్కంతా అతుకు పక్కన. 6061 రకం అల్యూమినియానికి ఫ్యాక్టరీలో టీ6 అనే వేడి చికిత్స చేసి బలం తెస్తారు. వెల్డింగు సెగకు చుట్టుపక్కల ఆ బలం పోతుంది. ఫ్రేమ్ మొత్తాన్ని మళ్లీ కొలిమిలో పెట్టి ఆ చికిత్స చేస్తే తప్ప తిరిగి రాదు. కాబట్టి అతుకు నిలిచినా దాని పక్కన మళ్లీ పగులుతుంది, అదీ మీరు దిగుతుండగా. అతుకు వేసిన ఫ్రేమ్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఇంకో చోటు చాలామంది చూడరు. డబుల్ క్రౌన్ ఫోర్కు (హెడ్‌ట్యూబ్ పైనా కిందా రెండు పట్టీలతో బిగించేది) కాళ్లు హ్యాండిల్ పూర్తిగా తిరిగినప్పుడు డౌన్‌ట్యూబ్‌కు తగలకుండా రబ్బరు బంపర్లుంటాయి. అవి ఊడిపోయిన సైకిల్ ఒక్కసారి పడినా ట్యూబుకు సొట్ట పడుతుంది. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, కాలు ఆగే చోట వేలితో తడమండి.

ఇక ఫోర్కు. డబ్బు మునిగేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి తొందర వద్దు. మెరిసే గొట్టాల మీద, సీలు దగ్గర్నుంచి పైదాకా గోరు నడిపించండి. గోరుకు తగలని గీత పట్టించుకోనక్కర్లేదు. గోరు ఆగితే ఎక్కడ ఆగిందో చూడాలి. పైన, సీలు ఎప్పుడూ చేరని చోటైతే ఫర్వాలేదు. సీలు రాసుకుంటూ తిరిగే చోటైతే ఆ గీత రంపంలా పనిచేస్తుంది: నూనె బయటికి, దుమ్ము లోపలికి. రాయి తగిలి లేచిన చిన్న ముక్కైతే 2000 నంబరు నీటి గరుకు కాగితంతో చదును చేసి, గుంటను పారదర్శకమైన గోళ్ల రంగుతో నింపి నెట్టుకురావచ్చు. పొడుగు గీతకు, పూత అరిగి లోహం తేలిన మచ్చకు మందు లేదు. గొట్టం మార్చాల్సిందే, ఆ గొట్టం ఆటోనగర్‌లో ఉండదు.

తర్వాత ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకీ వెనక్కీ ఊపండి. ‘టక్’ అంటే కారణాలు మూడు. ఒక వేలు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కప్పు అంచున పెడితే కదలిక అక్కడే తెలుస్తుంది. అది బేరింగు లేదా బిగువు సంగతి, చవక. వేళ్లు సీలుకూ గొట్టానికీ మధ్య పెట్టినప్పుడు కదిలితే లోపలి బుష్‌లు అరిగాయి. అవి ఎక్కించడానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి, విజయవాడలో అయ్యే పని కాదు. మూడోది బ్రేకు ప్యాడు క్యాలిపర్‌లో ఆడటం, అది లోపమే కాదు. ఈ తేడా తెలియని కొనేవాళ్లు మంచి ఫోర్కును వదిలేసి చెడ్డదాన్ని తెచ్చుకుంటారు.

రాక్‌షాక్స్ కంపెనీ బాక్సర్ ఫోర్కు 2010 నుంచి 35 మి.మీ. గొట్టాలతో వచ్చింది, అంతకు ముందువి 32. పాతదాన్ని ఎంత తక్కువకిచ్చినా తీసుకోకపోవడం మంచిది, సీళ్ల కోసం వెతుకులాటే సరిపోతుంది. ఫాక్స్ కంపెనీ 40 ఫోర్కులో పేరే గొట్టం కొలత. ‘తక్కువ తిరిగిందండీ, అయిదేళ్లు ఇంట్లోనే ఉంది’ అన్నది గొప్పగా చెబుతారు, అది గొప్ప కాదు. సర్వీసుకు రాక్‌షాక్స్ 50 గంటలు, ఫాక్స్ 125 గంటలు అని గీత గీసింది తిరిగే సైకిల్‌కు. కదలకుండా మన ఎండల్లో నిలబడిన ఫోర్కులో నూనె అడుక్కి దిగి, సీలు కింది స్పాంజి ఎండి, రబ్బరు బిరుసెక్కుతుంది. దానికి సీళ్ల కిట్టు ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

వెనక షాక్ కాయిల్‌దైతే (స్ప్రింగుదైతే) పరీక్ష సులువు. కాలరు చేత్తో వదులు చేసి స్ప్రింగు తీసేసి, షాఫ్టును మెల్లగా నొక్కండి. మొదట్నుంచి చివరిదాకా ఒకే బరువుగా దిగాలి. మధ్యలో ఒక్కసారిగా తేలికైనా, పచక్ పచక్‌మని చప్పుడొచ్చినా నూనెలో గాలి చేరినట్టు. గాలి షాక్ అయితే గాలి నింపి రాత్రంతా వదిలి, పొద్దున కొలత చూపించమనండి.

స్ప్రింగు మీద 450×3.0 లాంటి అంకె ఉంటుంది. మొదటిది స్ప్రింగు అంగుళం కుంగడానికి పట్టే పౌండ్లు, రెండోది అంగుళాల్లో స్ట్రోక్, అంటే షాఫ్టు కదిలే దూరం. అది మీకు సరిపోతుందా అన్నది అమ్మేవాడి బరువును బట్టి కాదు. మీరు 70 కిలోలు, హెల్మెట్టు బూట్లతో 75 అనుకోండి: 165 పౌండ్లు. వెనక చక్రం మీద పడేది సుమారు 65 శాతం, అంటే 107. వెనక ట్రావెల్ 200, షాక్ స్ట్రోక్ 76 మి.మీ. అయితే నిష్పత్తి 2.63. గుణిస్తే 281. మూడంగుళాల స్ట్రోక్‌లో 30 శాతం, అంటే 0.9 అంగుళం కుంగాలి. 281ని 0.9తో భాగిస్తే 312. మీకు 300 లేదా 325 స్ప్రింగు కావాలి. 450తో దిగితే ట్రావెల్ పూర్తిగా వాడలేరు, ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది.

ఇప్పుడు ఆటోనగర్ బలం. వెనక చక్రం తీసి, దాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌ను పక్కలకు ఊపితే కదులుతోందా? గరగరలాడుతోందా? అమ్మేవాడు మొహం చిన్నబుచ్చుకుంటాడు, మీరు మాత్రం లోపల సంతోషించండి. ఆ పివట్లలో (కదిలే కీళ్లలో) చాలావరకు 6902, 6802, 6900 లాంటి మామూలు పారిశ్రామిక బేరింగులే, నంబరు సీలు మీదే రాసి ఉంటుంది. రెండు వైపులా రబ్బరు మూతలున్నవి అడగండి. సుత్తితో కాదు, పొడుగు బోల్టు, వాషర్లు, సాకెట్టు పెట్టి లాగి ఎక్కించండి; లోపలి రింగు మీద ఒత్తిడి పడకూడదు. షాక్ కన్నంలో బుష్ వదులైతే లేతు మిషను దగ్గర డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్కతో చేయిస్తారు, కొలత వెర్నియర్‌తో తీసి ఇవ్వండి. ఈ పేరు చెప్పి రేటు గట్టిగా దించొచ్చు. పివట్ బోల్టు మర పోయిందా అన్నది మాత్రం చూసుకోండి. అది ఆ కంపెనీ సొంత కొలత, బజార్లో ఉండదు.

కొలతల విషయంలో తికమక ఎక్కువ. 26 అంగుళాల చక్రాలవి అన్నిటికన్నా చవక, కారణం 2014 తర్వాత తయారీ 27.5కి మళ్లింది, 2017లో ప్రపంచ కప్ పోటీల్లోకి 29 వచ్చేసింది. 26కు రెండు పొరల డౌన్‌హిల్ టైరు దొరకడమే కష్టం. మామూలు టైరు వేస్తే మన గుట్టల పలుగురాళ్లకు పక్కగోడ చీలుతుంది. డబ్బు సరిపోతే 27.5 చూడండి. వెనక హబ్బు 150 మి.మీ.దా, 157దా అడగండి. చాలా హబ్బుల్లో ఆ తేడా రెండు వైపులా 3.5 మి.మీ. మూతలే, లేతులో తీయించొచ్చు. పెడల్ ఇరుసు గూడు 83 మి.మీ. ఉంటే క్రాంకు కూడా దానికి చేసినదే కావాలి, పాతది వంగి ఉంటే వదిలేయండి. మామూలు ట్రైల్ ఫ్రేమ్‌కు డబుల్ క్రౌన్ ఫోర్కు బిగించి ‘డౌన్‌హిల్’ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ హెడ్‌ట్యూబ్ ఆ పొడుగు కాళ్ల లాగుడుకు చేసింది కాదు.

బ్రేకుల్లో ఒక్క పొరపాటుకే సెట్టు పోతుంది. షిమానో కంపెనీ బ్రేకుల్లో మినరల్ ఆయిల్, స్రామ్ కంపెనీ కోడ్ లాంటి వాటిలో డాట్ 5.1 బ్రేకాయిలు. డాట్ 5.1 లేకపోతే కారు షాపులో దొరికే డాట్ 4 నిశ్చింతగా పోయొచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, అది వేరు. షిమానోలో కారు బ్రేకాయిలు పోసి ఉంటే లోపలి సీళ్లు ఉబ్బి లివర్ వెనక్కి రాదు. కొన్ని పాత సెట్లలో లివర్ లోపలి ప్లాస్టిక్ పిస్టనే వేడికి ఉబ్బుతుంది. మే నెల బెజవాడ ఎండ దీనికి మంచి పరీక్ష: అరగంట ఎండలో పెట్టి లివర్ నొక్కి వదలమనండి. రోటర్ (బ్రేకు పళ్లెం) మందం కూడా వెర్నియర్‌తో కొలిపించండి. షిమానోది కొత్తది 1.8 మి.మీ., 1.5కు వస్తే మార్చాలి.

చైను, పళ్లు, ప్యాడ్లు, గ్రిప్పుల గురించి తల పగలగొట్టుకోవద్దు. అవన్నీ అరిగాయనే అనుకుని లెక్క వేయండి. చేతిలో లక్ష ఉంటే సైకిల్‌కు 70 వేలు దాటొద్దు. మిగిలింది సీళ్లకూ, టైర్లకూ, మొహం కప్పే నిండు హెల్మెట్టుకూ పోతుంది. అడుగున కొట్టిన సీరియల్ నంబరు, పాత బిల్లు సరిపోలాలి. నంబరు గీకి ఉంటే మాట్లాడకుండా వచ్చేయండి.

సైకిల్ బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటే పైన చెప్పిన పరీక్షలన్నీ వీడియో కాల్‌లో, కత్తిరింపు లేకుండా చేయించుకోండి. పార్సిల్ కట్టేటప్పుడు రోటర్లు విప్పించి, ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టించి, ఫోర్కు కాళ్ల మధ్య పాత ఇరుసు బిగించి, వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) విప్పి ఫ్రేమ్‌కే గుడ్డతో చుట్టించండి. ఇంత చేసినా దారిలో హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టే ముక్క) వంగుతుంది. దాని మర 10 మి.మీ., పిచ్ 1. పాత గేర్ సైకిల్ వెనక ఇరుసుల్లో చాలావాటి మరా అదే. అలాంటి ఇరుసున్న చక్రాన్ని హ్యాంగర్‌లోకి తిప్పి, ఆ చక్రం అసలు చక్రానికి సమానంగా నిలిచేదాకా మెల్లగా వంచండి. ఒకసారి కన్నా ఎక్కువ వంచితే విరుగుతుంది, అదీ ఆటోనగర్‌లో దొరకదు, కాబట్టి అమ్మేవాడి దగ్గర అదనపు హ్యాంగర్ ఉందేమో బేరంలోనే అడిగి పెట్టుకోండి.